అనంతపురం నుంచి దేవనహళ్ళికి: బెంగళూరు ముట్టకుండా విమానం ఎక్కడం

అనంతపురంలో విదేశానికి పోయేవాళ్ళు ‘బెంగళూరు పోయి ఎక్కాల’ అంటారు గానీ, అంతదూరం పోయే పనే లేదు. కెంపేగౌడ అంతర్జాతీయ విమానాశ్రయం ఆ నగరానికి 35 కిలోమీటర్లు ఉత్తరాన, మన వైపే, దేవనహళ్ళి దగ్గర ఉంది. 2008 మే 24న అది మొదలయ్యే ముందు సంగతి వేరు. హెబ్బాళ దాటి, ఊరంతా ఈదుకుంటూ పాత హెచ్‌ఏఎల్ విమానాశ్రయానికి చేరాల్సి వచ్చేది.

తెల్లవారుజామున 4.30కి గల్ఫ్ విమానం. లెక్క వెనక నుంచి వేసుకున్నాం. చెకిన్ కౌంటరు దగ్గరికి మూడు గంటల ముందు, అంటే 1.30కి చేరాలి. 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 180 కిలోమీటర్లకు మూడుంబావు గంటలు, టీకీ టైరు పంక్చరుకీ కలిపి ఇంకో ముప్పావు గంట. కాబట్టి రాత్రి 9.30కి బయలుదేరడం. కారు అద్దెకు తీసుకుంటే దానికి ఆలిండియా పర్మిట్ ఉందో లేదో ముందే అడగండి. లేకపోతే కర్ణాటక పన్ను కట్టుకోవాలి. ఆ పని అర్ధరాత్రి సరిహద్దు దాటాక బాగేపల్లి దగ్గర గుర్తొస్తే ముప్పావు గంట మిగులు అక్కడే కరిగిపోతుంది.

పెనుకొండ, పాలసముద్రం, కొడికొండ చెక్‌పోస్టు దాటి చిక్కబళ్ళాపురం చేరేసరికి చలి తెలుస్తుంది. విమానాశ్రయం సముద్రమట్టానికి 915 మీటర్ల ఎత్తున ఉంది, అనంతపురం కంటే ఐదారు వందల మీటర్లు పైన. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడి, విమానం లేవడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి. అక్కడి రెండు రన్‌వేలూ చెరో 4,000 మీటర్లు. కడపలోనూ, 2021 మార్చిలో తెరిచిన కర్నూలు ఓర్వకల్లులోనూ రన్‌వే 2,000 మీటర్లే. 78 సీట్ల చిన్న ఏటీఆర్ విమానానికి అది చాలు, గల్ఫ్‌కు పోయే పెద్ద జెట్‌కు చాలదు. రన్‌వే పొడిగించినంత మాత్రాన అంతర్జాతీయం అయిపోదు కూడా. ఇమిగ్రేషన్, కస్టమ్స్ సిబ్బంది ఉండాలి. ఈ సంగతి వదిలేసి ‘మన ఊరికి దుబాయ్ విమానం ఎప్పుడు’ అని అడగడం దండగ.

డిసెంబరు, జనవరిలో వేకువన మంచు ఉంటుంది. దక్షిణపు రన్‌వేకు మంచులోనూ విమానానికి దారి చూపే క్యాట్ 3బి వ్యవస్థ ఉంది కాబట్టి, 50 మీటర్లు కనిపించినా దిగొచ్చు, 125 మీటర్లు కనిపిస్తే లేవొచ్చు. అంతకుముందు దిగడానికి 550 మీటర్లు కనపడాల్సి వచ్చేది. అయితే విమానానికీ పైలట్‌కూ కూడా ఆ అర్హత ఉండాలి, లేకపోతే ఆలస్యం తప్పదు. మన కారుకైతే ఏ క్యాట్ వ్యవస్థా లేదు. చలికాలంలో ఇంకో అరగంట ముందు బయలుదేరండి.

2023 సెప్టెంబరు 12 నుంచి అంతర్జాతీయ విమానాలన్నీ టెర్మినల్ 2లోనే. డ్రైవరుకు ఇది ముందే చెప్పాలి, టెర్మినల్ 1 దగ్గర దిగితే షటిల్ బస్సు కోసం చూడాలి. గేటు దగ్గర సీఐఎస్‌ఎఫ్ భద్రతా సిబ్బంది టికెట్టూ పాస్‌పోర్టూ కలిపి చూస్తారు. ముఖం గుర్తుపట్టి లోపలికి పంపే డిజియాత్ర దేశీయ ప్రయాణానికే, ఇక్కడ పనికిరాదు. తర్వాత చెకిన్, ఇమిగ్రేషన్, చివర భద్రతా తనిఖీ. సాధారణంగా చెకిన్ కౌంటర్లు గంట ముందే మూసేస్తారు, ఆ తర్వాత బతిమాలినా ఫలితం ఉండదు.

మనవాళ్ళకు చిక్కొచ్చేది పేరుతో. చాలామంది పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. అలా ఖాళీగా ఉండి, అసలు పేరు కూడా ఒకే మాట అయితే విజిట్ వీసాపై యూఏఈ పోవడం కష్టం. 2022 నవంబరులో వచ్చిన నిబంధన ఇది. తండ్రి పేరు రెండో పేజీలో ఉంటే ఒప్పుకుంటామని తర్వాత సడలించారు. టికెట్ కొనేముందే ఎయిర్‌లైన్‌ను అడగడం మంచిది.

రెండో చిక్కు సంచిలో ఉంటుంది. ఎండుకొబ్బరి పెట్టొద్దు. నూనె ఎక్కువ కాబట్టి దానంతటదే వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉంది. నెయ్యి, ఆవకాయ, కారప్పొడి చేతిసంచిలో ఉంటే తీసేస్తారు. గట్టిగా సీలు చేసి, రెండు కవర్లు చుట్టి లగేజీలో వేయాలి. పవర్ బ్యాంకు మాత్రం దీనికి తలకిందులు: చేతిసంచిలోనే ఉండాలి, 100 వాట్ అవర్ లోపు, అంటే దాదాపు 27,000 ఎంఏహెచ్. లగేజీలో పడేస్తే స్కానర్‌లో కనిపిస్తుంది, పెట్టె తెరవడానికి మిమ్మల్ని వెనక్కి పిలుస్తారు. నిప్పట్లకు ఏ అడ్డూ లేదు, చేతిలోనే తీసుకుపోవచ్చు.