పక్క మంచం మావ చెప్పిన రెజాంగ్ లా

న్యుమోనియా తగ్గి ఇంటికి వచ్చాక, చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ఇంచుమించు ఒకటే మాట అన్నారు: "గట్టోడివి, పోరాడి బయటపడ్డావు." బత్తాయిల సంచి గడప పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని మరీ అన్నారు. అభిమానంతో అన్నదే, కాదనను. కానీ ఆస్పత్రిలో పక్క మంచం మావ దగ్గర, 1962 చైనా యుద్ధంలో రెజాంగ్ లా కనుమలో జరిగిన పోరు సంగతి విన్నాక ఆ మాట నాకు ఎక్కడం లేదు.

మాది కోవూరు దగ్గర పల్లె. సరిగ్గా నాట్లప్పుడు వాయుగుండం పట్టుకుంది. తడిసి, ఆరి, మళ్ళీ తడిసి పొలాలమ్మట తిరిగాను. మొదట ఒళ్ళునొప్పులు, ఆ తర్వాత చలిజ్వరం. రెండు రగ్గులు కప్పినా పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. దగ్గితే కుడి డొక్కలో ఒకటే పోటు. ఊళ్ళో ఇచ్చిన మాత్రలకు లొంగలేదు. ఒక రాత్రి మేడ మీదికి పోబోయి, సగం మెట్లలోనే ఊపిరందక కూలబడ్డాను. ఆటోలో వేసి నెల్లూరు తీసుకెళ్ళారు. వేలికి క్లిప్పు పెట్టి చూస్తే ఆక్సిజన్ 84. ఎక్స్‌రేలో నల్లగా కనపడాల్సిన కుడి ఊపిరితిత్తి కింది భాగం తెల్లగా ఉంది. గాలి నిండాల్సిన గదుల్లో చీమూ నీరూ చేరిందన్నారు డాక్టరు.

ఐసీయూ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, నాకు గుర్తుంటే కదా. వార్డుకి మార్చాకే మనిషినయ్యాను. పక్క మంచంలో ఉదయగిరి వైపు పెద్దాయన, ఉబ్బసంతో చేరాడు. మిలటరీలో లారీ నడిపి రిటైరయ్యాడు. నేను "మావా" అన్నాను, ఆయన "అబ్బయ్యా" అన్నాడు, అంతటితో చుట్టరికం కుదిరిపోయింది.

నేను పూటకి పదిసార్లు ఆ ఆక్సిజన్ అంకె వైపే చూస్తూ టెన్షన్ పడుతుంటే ఒకరోజు నవ్వాడు. "దానికే అంత బెదురెందుకు అబ్బయ్యా? పైన లడఖ్‌లో చుషుల్ కాడ మంచోడి వేలికి పెట్టినా ఎనబై పైచిలుకే చూపిస్తది" అన్నాడు. రౌండ్స్‌కి వచ్చిన డాక్టర్ని అడిగితే నిజమేనన్నారు. చుషుల్ పైన కొండల్లో, 16 వేల అడుగుల ఎత్తులో గాలి ఒత్తిడి ఇక్కడి దాంట్లో సగానికి కాస్త ఎక్కువ, అంతే. పీల్చే ప్రతి ఊపిరికీ దొరికే ఆక్సిజన్ కూడా ఆ లెక్కనే తగ్గుతుంది. కాకపోతే కొండ మీద ఒళ్ళు మెల్లగా అలవాటు పడుతుంది, రక్తంలో ఎర్రకణాలు పెరుగుతాయి. జబ్బు అంత టైమివ్వదు.

మావ లడఖ్‌లో రేషన్ లారీ తోలాడు. చలికాలం పొద్దున్నే ట్యాంకు కింద మంట పెడితే గానీ డీజిలు కరిగేది కాదట. ఉత్త చేత్తో పానా పట్టుకుంటే చర్మం దానికే అంటుకుని ఊడొచ్చేదట. చుషుల్లో ఉన్న స్మారకం దగ్గర ఎప్పుడు పోయినా లారీ ఆపి దణ్ణం పెట్టేవాడట. అది రెజాంగ్ లాలో చనిపోయినవాళ్ళది.

1962 నవంబరు 18. చైనాతో యుద్ధం. చుషుల్ విమానాల దిగుడు మైదానానికి కాపలాగా, 16 వేల అడుగులకు పైనున్న ఆ కనుమలో 13 కుమావోన్ బెటాలియన్‌కి చెందిన చార్లీ కంపెనీ ఉంది. సుమారు 120 మంది. ఎక్కువమంది హర్యానాలోని రేవాడి, మహేంద్రగఢ్ వైపు రైతుబిడ్డలు. మనలాగే ఎండలెరిగిన మైదానం మనుషులు, మంచు ఎరగరు. ఆ చలికి తగ్గ బట్టల్లేవు. చేతుల్లో ఒక్కో తూటాకీ బోల్టు లాగాల్సిన పాత .303 తుపాకులు. మధ్యలో కొండ అడ్డం, అందుకని వెనకనున్న మన ఫిరంగులు వాళ్ళకి సాయం చేయలేవు. తెల్లారకముందే దాడి మొదలైంది. ఒక గుంపుని తిప్పికొడితే ఇంకో గుంపు. తూటాలు అయిపోయాక చేతులతో కలబడ్డారు. తీవ్రంగా గాయపడ్డ మేజర్ షైతాన్ సింగ్, తనని మోసుకుపోతున్నవాళ్ళని ఒక బండ చాటున దింపి వెళ్ళిపొమ్మని ఆజ్ఞాపించాడు. 110 మందికి పైగా అక్కడే పోయారు. ప్రాణాలతో వచ్చిన కొద్దిమంది ఇలా జరిగిందంటే మొదట్లో నమ్మినవాళ్ళు తక్కువట. నాకు అన్నిటికన్నా కష్టమనిపించింది ఇదే.

1963 ఫిబ్రవరిలో ఒక గొర్రెల కాపరి ద్వారా తెలిసి మనవాళ్ళు పైకి ఎక్కారు. కందకాల్లో గడ్డకట్టిన దేహాలు, చేతుల్లో తుపాకులు అట్టాగే ఉన్నాయి. మేజర్‌కి పరమవీర చక్ర ఇచ్చారు. ఇంతవరకూ మావ గంభీరంగానే చెప్పాడు. నర్సింగ్ అసిస్టెంట్ ధరమ్‌పాల్ సింగ్ దహియా దగ్గరికి వచ్చేసరికి గొంతు పూడుకుపోయింది. తుపాకీ మనిషి కాదు, గాయాలకు కట్లు కట్టేవాడు. ఆయన చేతిలో సిరంజి, బ్యాండేజీ దొరికాయి. చనిపోయాక వీరచక్ర వచ్చింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండు దాటాక అంకె మళ్ళీ కిందికి జారింది. నైట్ డ్యూటీ సిస్టర్ పరిగెత్తుకుని రాలేదు, మామూలుగా నడిచే వచ్చింది. సీసాలో బుడగలు వస్తున్నాయో లేదో చూసింది, నీళ్ళు పోసింది, మాస్కు తాడు బిగించింది. "బోర్లా తిరగండన్నా" అని భుజం కింద చెయ్యి వేసి తిప్పి, పొట్ట కింద దిండు పెట్టింది. బోర్లా పడుకుంటే వీపు వైపు ఊపిరితిత్తులు విచ్చుకుంటాయట. అంకె 93కి ఎక్కేదాకా పక్కనే నిలబడింది. అప్పటికి నా నరాలన్నీ పాడైపోయి సూది దిగే చోటు లేదు. మణికట్టు మీద వేళ్ళతో తట్టి తట్టి వెతికి, ఒకే పోటుకి క్యాన్యులా పెట్టేసింది. ఆ కొండ మీద, వేళ్ళు కొంకర్లు పోయే చలిలో, తూటాల మధ్య ఇంకొకడి నరం వెతకడం ఎట్టా ఉంటుందో ఊహించబోయాను. నా వల్ల కాలేదు.

అందుకే "పోరాడావు" అంటే ఒప్పుకోబుద్ధి కాదు. నాకు ఇంకో దారేది? మంచం మీద పడున్నాను, యాంటీబయాటిక్ ఎక్కించారు, జబ్బు దిగింది. వాళ్ళకి వెనక్కి వచ్చే దారి ఉంది, అయినా రాలేదు. ఆ మాట వాళ్ళకి ఉంచితే బాగుంటుంది. జబ్బుపడి కోలుకున్నవాణ్ణి "కోలుకున్నాడు" అంటే తక్కువేం కాదు కదా.

కోలుకోవడం కూడా చిన్న పనేం కాదు లెండి. మూడు బంతుల గొట్టం ఒకటి ఇచ్చి పీల్చమన్నారు. మొదటి బంతి లేచేసరికే చెమటలు పట్టాయి. రెండోది చాలా రోజులు మొండికేసింది. మొదట్లో స్నానం చేసి తల తుడుచుకుంటే చాలు, ఆయాసం. నోటికి రుచి తిరిగొచ్చిన పొద్దున కారం దోశ తిని కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాను, కారం వల్లేనని ఇంట్లో చెప్పాను. సంక్రాంతి దాటాక తీసిన ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మళ్ళీ నల్లబడింది. ఇప్పుడు కాలవ గట్టు మీద ఆగకుండా నడుస్తున్నాను.

చుషుల్ వెళ్ళాలనుంది. 2021లో స్మారకాన్ని కొత్తగా కట్టారు. డాక్టరు ఏడాది ఆగమన్నారు. మావని రమ్మంటే "ఆ చలి నాకు చాలబ్బయ్యా, నువ్వు పోయి నా దణ్ణం కూడా పెట్టిరా" అన్నాడు. లేహ్‌లో దిగాక రెండు మూడు రోజులు ఏ పనీ చేయకుండా పడుకోవాలంట, ఒంటికి ఆ గాలి అలవాటు కావడానికి. పడుకోవడం ఇప్పుడు నాకు బాగా వచ్చిన పనే.