పొగాకు సంచి కోసం పోయిన ప్రాణం

స్టానిస్లావ్ రోస్తోత్‌స్కీ 1972లో తీసిన సోవియట్ చిత్రం ‘ది డాన్స్ హియర్ ఆర్ క్వైట్’ (ఇక్కడి వేకువలు ప్రశాంతం) నిడివి మూడు గంటల పైమాటే. బోరిస్ వసీల్యేవ్ నవలిక దీనికి మూలం. 1942లో, రష్యా వాయవ్యాన ఉన్న కరేలియా అడవుల్లో ఇద్దరు జర్మన్లు కనిపించారన్న కబురు విని, వాస్కోవ్ అనే చిన్న అధికారి, విమానవిధ్వంసక తుపాకుల దళంలోని ఐదుగురు ఆడపిల్లలను వెంటబెట్టుకుని బయలుదేరతాడు. తీరా చూస్తే శత్రువులు పదహారుమంది.

ఈ చిత్రంలో ప్రాణాలు ఎంత చిన్న కారణాలకు పోతాయో చూస్తుంటే మనసు కలచివేస్తుంది. వాస్కోవ్ పొగాకు సంచి మరచి వచ్చాడని తెలిసి, కవిత్వమంటే ప్రాణంపెట్టే సోన్యా తానే తెస్తానంటూ వెనక్కి పరుగెత్తుతుంది. ఆ దారిలోనే కత్తిపోటుకు బలవుతుంది. ఊబిలో బూటు పోగొట్టుకున్న గాల్యాకు చనిపోయిన సోన్యా బూట్లే తొడుగుతారు. అడవి బిడ్డ లీజా సాయం కోసం వెళుతూ, చుట్టుపక్కల శత్రువు జాడైనా లేనిచోట, అదే ఊబిలో మునిగిపోతుంది. గాల్యా భయానికి తాళలేక పొదలోంచి బయటికి పరుగెత్తి తూటాలకు దొరుకుతుంది. వీరమరణం అనదగిన ముగింపు జేన్యాకూ రీటాకూ మాత్రమే దక్కింది. మిగతా ముగ్గురి చావునూ దర్శకుడు ఘనకార్యంగా చూపకపోవడమే ఈ చిత్రంలోని నిజాయితీ అనుకుంటాను.

యుద్ధమంతా నలుపు తెలుపుల్లో సాగగా, అమ్మాయిల గతం మాత్రం రంగుల్లో మెరుస్తుంది. ఆ జ్ఞాపకాలు కొన్నిచోట్ల నాటకం రంగస్థలంలా అతిగా అలంకరించి ఉన్నాయి, సాగదీత కూడా లేకపోలేదు; అయినా, పోయినది ఐదు తుపాకులు కాదు, ఐదు బతుకులు అని తెలియాలంటే అవి ఉండవలసినవే. రోస్తోత్‌స్కీ స్వయంగా ఆ యుద్ధంలో కాలు పోగొట్టుకున్నవాడు. తన ప్రాణం కాపాడిన నర్సుకు కృతజ్ఞతగా ఈ చిత్రం తీశాడు.

చివరలో, గాయపడిన రీటా పక్కన కూర్చుని వాస్కోవ్ కుమిలిపోతాడు: యుద్ధం ముగిశాక, మగవాళ్లయి ఉండి మా అమ్మలను ఎందుకు కాపాడలేకపోయారని పిల్లలు అడిగితే ఏమని చెప్పాలి? తాము కాపాడినది మాతృభూమినే కదా అని రీటా అతన్ని ఓదారుస్తుంది. సైనికురాలిగా ఆమె జవాబు సబబైనదే గాని, అతని ప్రశ్నకు అది చాలదని నా అభిప్రాయం.