శిక్షణ తేలికే, రేటింగ్ ఫారంలో ఒక గడి చేర్పించడమే గగనమైంది

మా కంపెనీలో ఉద్యోగుల పనితీరుకి మార్కులు వేసే రేటింగ్ ఫారంలో నిన్న సాయంత్రం ఒక కొత్త గడి చేరింది. 'ఇతర విభాగాలతో కలిసి చేసిన పని' అని దాని పేరు. దానికోసం పడ్డ పాట్లు మర్చిపోకముందే రాసేస్తున్నాను. వేర్వేరు విభాగాల వాళ్ళని ఒక టీమ్‌గా పనిచేయించే శిక్షణ ఎవరి నెత్తిన పడినా పనికొస్తుంది.

మా కంపెనీలో సేల్స్, బిల్లింగ్, ఇంజినీరింగ్, కస్టమర్ సపోర్ట్ నుంచి మనుషుల్ని తీసి కొత్త కస్టమర్ల కోసం టీములు కట్టారు. కట్టిన మర్నాటి నుంచే గొడవలు. వాళ్ళకి శిక్షణ ఇప్పించే పని నాకు అప్పగించారు. బడ్జెట్, హాలు, తేదీలు ఇబ్బంది లేకుండా కుదిరిపోయాయి. బయటి ట్రైనర్లు కొందరు వచ్చి కళ్ళకి గంతలు కట్టే ఆటలు చూపిస్తే, వద్దని చెప్పి పంపించేశాను. ఆ ఆటల్లో కలిసి నవ్వినవాళ్ళే మర్నాడు పైవాళ్ళని కాపీలో పెట్టి మెయిళ్ళలో తిట్టుకోవడం నేను కళ్ళారా చూశాను.

వాటి బదులు, ఒక విభాగం మనిషిని ఇంకో విభాగం మనిషి పక్కన ఒక పూట కూర్చోబెట్టాం. పని చూడాలి, ప్రశ్నలు అడగాలి, సలహాలు మాత్రం ఇవ్వకూడదు. బిల్లింగ్‌లో ఒక అమ్మాయి సేల్స్ నుంచి వచ్చే ఆర్డర్లని కాంట్రాక్టు నంబర్ లేదని ఎప్పటినుంచో తిప్పి పంపుతోంది. సేల్స్ వాళ్ళకి నిర్లక్ష్యం ఎక్కువని ఆమె నమ్మకం. సేల్స్ అబ్బాయి పక్కన కూర్చుని చూస్తే, అతని స్క్రీన్ మీద కాంట్రాక్టు నంబర్ రాయడానికి గడే లేదు. పాపం అతను ప్రతిసారీ రిమార్కుల్లో రాస్తున్నాడు. ఆ రిమార్కులు బిల్లింగ్ స్క్రీన్‌లో కనపడవు. ఇద్దరూ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఆ అమ్మాయే లేచి ఇంజినీరింగ్ వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. ఎన్ని స్లైడ్లు వేసినా ఈ పని జరిగేది కాదు.

మొదటి సెషన్లకి మేనేజర్లని రానివ్వలేదు. దీనికి కారణం ఉంది. హార్వర్డ్ పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ 1990ల్లో ఆసుపత్రుల నర్సింగ్ టీముల్ని పరిశీలిస్తే, బాగా కలిసి పనిచేసే టీముల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. ఆ టీముల్లో పొరపాటు జరిగితే భయం లేకుండా బయటికి చెప్పేవారని ఆమె తేల్చింది. పై అధికారి ఎదురుగా కూర్చుంటే మా వాళ్ళు ఆ రిమార్కుల సంగతి కూడా చెప్పేవారు కాదు.

ఏ పని ఎవరు చేయాలి, దానికి జవాబు ఎవరు చెప్పాలి, ముందుగా ఎవరిని అడగాలి, అయ్యాక ఎవరికి చెప్పాలి అని ఒక పట్టిక కూడా రాయించాం. దీన్నే రేసీ (RACI) అంటారు. జవాబు చెప్పాల్సిన చోట ఒక్క పేరే ఉండాలి. రెండు పేర్లు రాస్తామని ఎవరైనా బతిమాలితే ఒప్పుకోకండి.

అందరూ ఫీడ్‌బ్యాక్ ఫారంలో చాలా బాగుందని రాశారు. నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. శిక్షణని నాలుగు మెట్లలో కొలవాలని అమెరికన్ ప్రొఫెసర్ డొనాల్డ్ కర్క్‌పాట్రిక్ 1959లోనే రాశాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనితీరు మారిందా, ఫలితం వచ్చిందా. మా ఫీడ్‌బ్యాక్ మొదటి మెట్టు మాత్రమే. మూడో మెట్టు దగ్గరికి వచ్చేసరికి అంతా ఆగిపోయింది. కొన్ని వారాలకే జనం టీమ్ మీటింగులు ఎగ్గొట్టడం మొదలుపెట్టారు. కారణం అడిగితే బిల్లింగ్ అమ్మాయి సూటిగా చెప్పింది: "మేడమ్, టీమ్ పనిలో కూర్చుంటే నా బిల్లులు ఆగుతాయి. నా రేటింగ్ ఆ బిల్లుల లెక్క మీదే కదా."

అసలు నరకం అక్కడ మొదలైంది. రేటింగ్‌లో కొంత భాగం టీమ్ లీడ్ చేతిలో పెట్టాలని విభాగాధిపతుల మీటింగ్‌లో అడిగాను. అందరికన్నా సీనియర్ నా మాట పూర్తికానివ్వలేదు. "చూడమ్మా, మీ క్లాసులకి మనుషుల్ని పంపాం, సంతోషం. ఇప్పుడు మా వాళ్ళకి మార్కులు కూడా మీరే వేస్తారా? అసలు మీరు ఎప్పుడైనా టార్గెట్ మోశారా?" అన్నారు. గదిలో ఒకరిద్దరు నవ్వారు. నా వయసు సగం ఈ పనిలోనే గడిచింది. ఆ నవ్వు ఇప్పటికీ చెవుల్లో మోగుతోంది.

హెచ్‌ఆర్‌కి వెళ్తే, పోర్టల్‌లో గడి చేర్చడం కుదరదు, సాఫ్ట్‌వేర్ వాళ్ళని అడగమన్నారు. వాళ్ళేమో హెచ్‌ఆర్ రాసిస్తే చేస్తామన్నారు. విభాగాధిపతులు ఒప్పుకుంటేనే హెచ్‌ఆర్ రాస్తుందట. ముందు హెచ్‌ఆర్ చెబితే ఆలోచిస్తామని విభాగాధిపతులు. గానుగెద్దులా అక్కడక్కడే తిరిగాను. చివరికి పోర్టల్ చూసే ఆపరేటర్ పక్కన కూర్చుని, గడి చేర్చడానికి ఎంతసేపు పడుతుందో చూపించమన్నాను. టెస్ట్ కాపీలో నా కళ్ళముందే కొద్ది నిమిషాల్లో చేర్చేశారు. కుదరదన్నది అబద్ధం. సంతకం పెట్టే ధైర్యం ఎవరికీ లేదంతే.

ఆ స్క్రీన్‌షాట్, తిప్పి పంపిన ఆర్డర్ల జాబితా, ఆ అమ్మాయి మాటలు (పేరు లేకుండా) పట్టుకుని నేరుగా డైరెక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన జాబితా మొత్తం చదివి ఒక్క ప్రశ్న వేశారు: "ఈ ఆర్డర్ల ఆలస్యానికి ఎవరి రేటింగ్ తగ్గింది?" ఎవరిదీ తగ్గలేదు సార్ అన్నాను. రేటింగ్‌లో 20 శాతం టీమ్ లీడ్ వేయాలని అక్కడే రాసిచ్చారు.

అందుకే, మీకు ఈ బాధ్యత ఇస్తే హాలు బుక్ చేయకముందే రేటింగ్ సంగతి రాతపూర్వకంగా తేల్చుకోండి. నోటిమాటగా ఒప్పుకున్న మేనేజర్ని నమ్మకండి, నెలాఖరు టార్గెట్ వచ్చేసరికి మాట మారుస్తాడు. టీములు కట్టిన కొత్తలో వచ్చే గొడవలకి మాత్రం కంగారుపడొద్దు. అమెరికన్ మనస్తత్వవేత్త బ్రూస్ టక్‌మన్ 1965లోనే దాన్ని టీమ్ ఎదుగుదలలో రెండో దశగా చెప్పాడు, మా వాళ్ళకి ఈ సంగతి చెబితే సగం టెన్షన్ తగ్గింది.

ఆ సీనియర్ అధిపతి తన విభాగం తరఫున ఈ రేటింగ్ మార్పుకి ఇంకా సంతకం పెట్టలేదు. పెట్టేదాకా ఆయన మనుషుల్ని తర్వాతి బ్యాచ్‌లో చేర్చుకోనని ఈ పొద్దున డైరెక్టర్‌కి మెయిల్ పెట్టాను, ఆ అధిపతిని కాపీలో ఉంచి.