కోడి కూసిన చోట

మా యాత్ర గలిలయలో మొదలై యెరూషలేములో ముగిసింది. దాంతో, యేసును పట్టుకున్న రాత్రి కోడి కూసేలోగా ఆయనెవరో తెలియదని మూడుసార్లు బొంకిన శిష్యుడు పేతురు కథను వెనక నుంచి చదివినట్టయింది. ముందు ప్రభువు అతణ్ణి మళ్లీ చేర్చుకున్న ఒడ్డు, మూడు రోజుల తర్వాత అతను బొంకిన పెరడు. టూర్ వాళ్లు బస్సుల వీలు చూసుకుని అలా పెట్టారు గానీ, నాకు మాత్రం అదే సరైన వరస అయింది.

ఆ ఒడ్డు పేరు తబ్గా. 1933లో ఫ్రాన్సిస్కన్లు కట్టిన చిన్న నల్లరాతి గుడి, లోపల నేల మీద పెద్ద బండ. తిరిగిలేచిన యేసు వేకువన శిష్యులకు రొట్టె, చేపలు పెట్టింది దీని మీదేనంటారు. పాస్టరుగారు నీళ్ల పక్కన నిలబడి యోహాను 21 చదివారు. చదువుతూ "బొగ్గులు మండే నిప్పు" దగ్గర ఆగారు. గ్రీకు మూలంలో ఆ మాట కొత్త నిబంధన మొత్తంలో రెండే చోట్ల వస్తుందట. ఒకటి ఇక్కడ. రెండోది ప్రధానయాజకుని ఇంటి పెరట్లో, పేతురు చలి కాచుకుంటూ "నేను కాను" అన్నచోట. అంటే ప్రభువు అతణ్ణి అదే పొగ వాసనలో కూర్చోబెట్టి, "నన్ను ప్రేమిస్తున్నావా" అని మూడుసార్లు అడిగాడు. విన్నాను, బాగుందనుకున్నాను, ప్యాంటు మడిచి నీళ్లలో దిగి ఫోటో తీయించుకున్నాను.

బేత్లెహేము, ఒలీవల కొండ గురించి రాయడానికి నా దగ్గర కొత్తగా ఏమీ లేదు. ఎండా, క్యూలూ, పాటలూ.

సీయోను కొండ తూర్పు వాలు మీద ఉంది గల్లికాంతు గుడి. లాటిన్లో ఆ మాటకు కోడికూత అని అర్థం. ఇప్పుడున్న కట్టడం 1931 నాటిది, పైన శిలువ, దాని మీద బంగారు రంగు కోడిపుంజు. ఆ ప్రధానయాజకుడు కయప ఇల్లు ఇక్కడే ఉండేదని సంప్రదాయం. పండితుల్లో కొందరు కొండ మీద వేరేచోటు చూపిస్తారని గైడే చెప్పాడు, ఆ నిజాయితీ నాకు నచ్చింది. పక్కన ఆరుబయట పాతకాలపు రాతిమెట్లు కిద్రోను లోయ వైపు దిగుతాయి. ఆ రాత్రి యేసును తెచ్చింది ఈ దారినే కావచ్చంటారు.

గుడి కింద రాతిని తొలిచిన లోతైన గొయ్యి ఉంది. ఇప్పుడు దిగడానికి మెట్లున్నాయి. పైకప్పులో గుండ్రటి కంత. ఖైదీని తాడు కట్టి అందులోంచి దించేవారని, యేసు ఆ రాత్రి ఇక్కడే గడిపాడని నమ్ముతారు. యాత్రికులు అక్కడ 88వ కీర్తన చదవడం ఆనవాయితీ. ఎవరో ఫోన్ లైటు వేస్తే పాస్టరుగారు ఆర్పమన్నారు, చదవడం నా వంతు వచ్చేసరికి మాత్రం మళ్లీ వేయాల్సి వచ్చింది. ఆ కీర్తనలో చివరిదాకా ఓదార్పు ఉండదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. అక్కడికొచ్చి నా గొంతు పోయింది.

నేను ఏడవడం మా సంఘంలో ఎవరికీ వింత కాదు. ఉపవాస ప్రార్థనల్లో పద్నాలుగేళ్లుగా ఏడుస్తున్నాను. విరిగిన మనసున్న మనిషినని నాకు పేరు కూడా ఉంది.

మెట్లెక్కి బయటికొచ్చి కూర్చుంటే, మా బృందంలో అందరికన్నా పెద్దావిడ నీళ్ల సీసా తెచ్చిచ్చి పక్కన కూర్చుంది.

"ఎందుకయ్యా అంత దుఃఖం?"

"నా పాపాలు గుర్తొచ్చాయమ్మా."

"ఎవరి మీద చేసినవి?"

దేవుని మీద అనబోయాను. నోరు పెగల్లేదు.

పద్నాలుగేళ్ల కింద నేను పనిచేసిన ఆఫీసులో స్టాకు రిజిస్టరులో తేడా వచ్చింది. ఆ ఎంట్రీ వేసింది నేను. విచారణలో అడిగినప్పుడు "నాకు తెలియదు సార్" అన్నాను. ఒక్కసారే, మూడుసార్లు కూడా అవసరం పడలేదు. నా కింద పనిచేసే కుర్రాడి మీదికి పోయింది. సస్పెండయ్యాడు, తర్వాత వెళ్లిపోయాడు. విచారణ గదిలోంచి బయటికొస్తూ అతను నా వైపు చూశాడు, నేను చేతి గడియారం చూసుకున్నాను. ఆ పాపాన్ని దేవుని దగ్గర వందసార్లు ఒప్పుకున్నాను. అతనికి ఒక్క ఫోనూ చేయలేదు.

ఆ వాలు మీద నిలబడితే దక్షిణంగా హిన్నోము లోయ. ఆ పక్కనే అకెల్దమ, డబ్బు తీసుకుని యేసును పట్టించిన శిష్యుడు యూదా వెనక్కిచ్చిన సొమ్ముతో కొన్న రక్తపు పొలం. పేతురు, యూదా ఇద్దరూ ఒకే రాత్రి పడిపోయారు, వారిద్దరి చోట్లకూ మధ్య నడిచిపోయేంత దూరమే. నన్ను తికమక పెట్టింది యూదానే. లెక్క చూస్తే పేతురు కన్నా అతనే ఎక్కువ చేశాడు. పాపం చేశానని నోరు విప్పి చెప్పాడు, ముప్పై వెండి నాణేలూ వెనక్కి తెచ్చాడు. మన తెలుగు బైబిల్లో మత్తయి అతని గురించి "పశ్చాత్తాపపడి" అనే రాశాడు. బాప్తిస్మమిచ్చే యోహాను ప్రకటించిందీ, పెంతెకొస్తు నాడు పేతురు జనాన్ని అడిగిందీ మారుమనస్సు. గ్రీకులోనూ అవి రెండు వేర్వేరు మాటలే. యూదా వెళ్లింది యాజకుల దగ్గరికి. వాళ్లు మాకేమిటి, నువ్వే చూసుకో అన్నారు. తాను ఎవరికి ద్రోహం చేశాడో ఆ ముఖం ఎదుటికి మాత్రం అతను వెళ్లలేదు. పేతురు ఆ రాత్రి ఏమీ సరిదిద్దలేదు, బయటికి పోయి ఏడ్చాడంతే. కానీ ఒడ్డున నిలబడింది ప్రభువని తెలియగానే పడవ ఆగేదాకా కూడా ఉండలేక నీళ్లలో దూకాడు.

నేను దేవుని దగ్గరికి వెళ్లింది ఆ కుర్రాడి ముఖం తప్పించుకోవడానికి. బలిపీఠం దగ్గర అర్పణ వదిలేసి ముందు నీ సహోదరుని దగ్గరికి వెళ్లమన్న వాక్యం మీద నేనే యువజన కూటంలో ప్రసంగం చేశాను. బాగా చేశానని కూడా అన్నారు.

ఆ రాత్రి హోటల్ కారిడార్లోంచి ఫోన్ చేశాను. నంబరు పాత మిత్రుడొకరి ద్వారా దొరికింది. ఇన్నేళ్లూ అడగలేదు గానీ, అడిగితే ఇరవై నిమిషాల్లో దొరికింది.

"ఎవరండీ?"

పేరు చెప్పాను. విషయం చెప్పాను. మధ్యలో ఏడుపొచ్చింది, ఆపుకున్నాను. ఈసారి అది నాకు సాయంగా వస్తోందనిపించింది.

చాలాసేపు అవతల చప్పుడు లేదు. ఎక్కడో టీవీ మోగుతోంది.

"ఇప్పుడు నన్నేం చేయమంటారు సార్?" అన్నాడు.

క్షమించమని అడగాలనుకున్న నోటితో, "నువ్వేం చేయక్కర్లేదు తమ్ముడూ, ఆ ఆఫీసుకు నేను రాసిస్తాను" అన్నాను.

"రాస్తే నాకో కాపీ పంపండి" అని పెట్టేశాడు.

తిరిగొచ్చిన మర్నాడు ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. "ఆ ఎంట్రీ పొరపాటున నేనే వేశాను, ఆ రోజు భయంలో చెప్పలేకపోయాను" అని మొదలుపెట్టాను. "పొరపాటున" కొట్టేశాను. కాసేపటికి "భయంలో" కూడా కొట్టేసి, తెల్లకాగితం తీసుకుని మొదటినుంచి రాశాను.