రగ్బీ యూనియన్ నుంచి లీగ్‌లోకి మారా, నా అనుభవం

రగ్బీలో రెండు రకాలున్నాయి, యూనియన్, లీగ్. లీగ్‌కి మారిన మొదటి రోజు ట్రైనింగ్‌లో బాల్ నా చేతికొచ్చిన మొదటిసారే పోగొట్టేశా. పరిగెత్తా, ఇద్దరొచ్చి గుద్దారు, కింద పడ్డా, అక్కడిదాకా బానే ఉంది. పడగానే అలవాటు ప్రకారం ఒళ్ళు మా వాళ్ళవైపు తిప్పి, చెయ్యి బారుగా చాపి, బాల్‌ని గడ్డి మీద జాగ్రత్తగా పెట్టి వదిలేసి పడుకున్నా. యూనియన్‌లో అలా పెడితే శభాష్ అంటారు, మనవాళ్ళు వచ్చి మన మీదుగా దాటి నిలబడి రక్ (బాల్‌కి కాపలా గుంపు) కడతారు, వెనక స్క్రమ్ హాఫ్ అనే ఆటగాడు బాల్ తీసుకుంటాడు. ఇక్కడ ఎవడూ రాలేదు. బాల్ ఒక్కటే అనాథలాగా అక్కడ పడుంది, నన్ను పడేసినవాడే వంగి తీసుకుని నడుచుకుంటూ పోయాడు. కోచ్ వచ్చి నా నెత్తి మీద నిలబడ్డాడు, యాభై దాటిన మనిషి, పగలంతా ప్లంబింగ్ పని, పైపుల జిగురు వాసన వస్తుంటాడు. "ఎవరికి ఇచ్చావ్ ఆ గిఫ్టు? లే" అన్నాడు. ఆ తర్వాత ఆర్నెల్లు ఆయన నాతో ఎక్కువసార్లు అన్న మాట అదే, లే.

కొంచెం వెనక్కెళ్తా. మాది తెనాలి దగ్గర పల్లె, స్కూల్లో ఉన్నప్పుడు కబడ్డీ, సంక్రాంతికి పక్క ఊళ్ళతో పందేలు, అంతే నా ఆటల చరిత్ర. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతుంటే రూమ్మేట్ ఒకడు రగ్బీ సెవెన్స్‌కి, అంటే టీమ్‌కి ఏడుగురు ఆడే ఆటకి, లాక్కెళ్ళాడు, అక్కడ అంటుకుంది. మన దేశంలో రగ్బీ అంటే దాదాపు యూనియనే, అందులోనూ సెవెన్సే ఎక్కువ, ఇంకో రగ్బీ ఉందని నాకు తెలీనే తెలీదు. 2023 సెప్టెంబర్‌లో ఎమ్మెస్సీకి ఇంగ్లాండ్‌లో లీడ్స్ వచ్చా, యూనివర్సిటీలో యూనియన్ కింది టీముల్లో ఒకదాంట్లో ఫ్లాంకర్‌గా దూరిపోయా. ఫ్లాంకర్ అంటే ఏం లేదు, పడిపోయినవాడి మీద వాలి బాల్ లాక్కోవడం, దొంగతనమే ఉద్యోగం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది ఇదే.

ఏప్రిల్‌లో యూనియన్ సీజన్ అయిపోయింది. అప్పుడొచ్చింది వాట్సాప్‌లో మెసేజ్, వేక్‌ఫీల్డ్ పక్కన ఒక ఊళ్ళో లీగ్ క్లబ్‌కి మనుషులు కావాలంట, వేసవిలో ఖాళీగా ఉన్నవాళ్ళెవరైనా రండి అని. ఇక్కడ యూనియన్ చలికాలం ఆట, లీగ్ ఇప్పుడు ఎండాకాలం ఆట, అందుకని ఒకళ్ళ మనుషులు ఇంకొకళ్ళకి అరువుకి దొరుకుతారు. ఆ ఊరు ఒకప్పుడు బొగ్గు గని ఊరు, గని మూతపడి చాలా ఏళ్ళైంది, పబ్బులు కూడా ఒక్కొక్కటే మూతపడ్డాయి, క్లబ్ మాత్రం మిగిలింది. మిగలడం అంటే ఎలాగంటే, అంతకుముందు ఏడాది మూడు మ్యాచ్‌లు టీమ్ కూడక వదిలేసుకున్నారు, ఒకరోజు తొమ్మిది మందే వస్తే అవతలివాళ్ళకి ఫోన్ చేసి క్షమించండి అని చెప్పారంట. ఇంకో ఏడాది ఇలాగైతే తాళం వేసేద్దాం అనుకున్నారు. మేము ఏడుగురం వెళ్ళాం యూనియన్ నుంచి.

వెళ్ళిన మొదటి వారం ఆట కంటే కాగితాలతోనే సరిపోయింది. రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్లోనే, ఫోటో, అడ్రస్, ఇదివరకు ఏం ఆడావు లాంటివి. అసలు చిక్కు వీసా దగ్గర. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు ప్రొఫెషనల్ స్పోర్ట్స్‌పర్సన్‌గా పని చేయకూడదు, నా లాంటి 74 కేజీల వాణ్ణి ఎవడు ప్రొఫెషనల్ అనుకుంటాడని నవ్వుకున్నా గానీ, ఈ క్లబ్‌లో మ్యాచ్‌లో బాగా ఆడినవాడికి కవర్‌లో 20 పౌండ్లు ఇచ్చే ఆనవాయితీ ఉంది. భయమేసి యూనివర్సిటీలో అడిగా, సరదాకి ఆడుకో, ఎవరి దగ్గరా పైసా తీసుకోకు అన్నారు. ఇక్కడికి వచ్చిన మనవాళ్ళు ఎవరైనా ఏ ఆటలో అయినా క్లబ్‌లో చేరుతుంటే ముందు ఇది అడిగి తెలుసుకోండి, చదువు అయ్యాక వచ్చే గ్రాడ్యుయేట్ వీసాలో కూడా ఇదే షరతు ఉంది.

ఇక ఆట. 15 మంది బదులు 13 మంది, ఫ్లాంకర్లు ఇద్దరూ ఉండరు, అంటే నా ఉద్యోగం ఆటలోనే లేదు. ట్రైకి (అవతలివాళ్ళ గీత దాటి బాల్ నేలకి తాకించడం) 5 బదులు 4 పాయింట్లు, లైనౌట్ (బయటికెళ్ళిన బాల్‌ని రెండు వరసల మధ్యకి విసరడం) లేదు, స్క్రమ్ (రెండు టీముల ముందువరసలు తోసుకోవడం) ఉందంటే ఉంది. ఇవన్నీ ఒక్క సాయంత్రంలో బుర్రకెక్కుతాయి. ఎక్కనిది ఒంటికి. ఆరు ట్యాకిల్స్ లోపల, అంటే వాళ్ళు మనల్ని ఆరుసార్లు పట్టి ఆపేలోపల, ఏదో ఒకటి చెయ్యాలి, ఆరోసారి దొరికితే బాల్ అవతలివాళ్ళదే. నువ్వు దొరికావు అనుకో, నీ పని అక్కడ అయిపోదు, అక్కడే మొదలవుతుంది. లేచి, ఎదురుగా తిరిగి, బాల్ కింద పెట్టి, కాలితో వెనక్కి దొర్లించాలి, వెనక డమ్మీ హాఫ్ అందుకుంటాడు. నువ్వు ట్యాకిల్ చేసినవాడివైతే దొరికినవాడి ఎదురుగా నిలబడే ఇద్దరు మార్కర్లు తప్ప మిగతా అందరూ పది మీటర్లు వెనక్కి పరిగెత్తాలి, మళ్ళీ ముందుకి రావాలి, మళ్ళీ పడెయ్యాలి, లేవాలి, మళ్ళీ పది మీటర్లు. యూనియన్‌లో లైనౌట్ అని, స్క్రమ్ అని మధ్యలో నిలబడి ఊపిరి పీల్చుకోడానికి దొరుకుతుంది, ఇక్కడ అదేం లేదు. మొదటి ప్రాక్టీస్ మ్యాచ్‌లో పన్నెండో నిమిషానికే నోరు పిడచకట్టుకుపోయింది, ఆపోజిట్ టీమ్‌లో ఒకడు, వాడికి బీరు బొజ్జ కూడా ఉంది, నా పక్కనుంచి వెళ్తూ "బానే ఉన్నావా" అని అడిగాడు, వెటకారం కాదు నిజంగానే.

కబడ్డీ ఆడినవాళ్ళకి ఒక విషయం చెప్తా. నన్ను కాపాడింది అదే. యూనియన్‌లో నాకు పెద్దగా అక్కరకి రాలేదు గానీ, లీగ్‌లో డిఫెన్స్ లైను మొత్తం ఒకేసారి కదలాలి, చెయ్యీ చెయ్యీ పట్టుకున్నట్టే, ఒక్కడు తొందరపడి ముందుకి దూకితే వాడి పక్కనుంచి సందు పడిపోతుంది. అచ్చం గొలుసు కట్టినట్టే. కోచ్‌కి యూట్యూబ్‌లో ప్రో కబడ్డీ వీడియో ఒకటి చూపించా, కవర్ డిఫెండర్ ఎలా ఆగుతున్నాడో చూసి మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాడు. కూత సంగతి చెప్తే మాత్రం నమ్మలేదు, ఊపిరి బిగబట్టి పరిగెత్తడం ఏంటి అని.

అసలు మ్యాచ్‌కి వచ్చేసరికి నన్ను ఇరవై నిమిషాలకి దింపారు. దిగగానే మంచి ట్యాకిల్ పడింది, నడుము దగ్గర పట్టి వెనక్కి పడేశా, జనం అరిచారు, జనం అంటే నలభై మంది, రెండు కుక్కలు. ఆ ఊపులో నా ఒళ్ళు నా మాట వినలేదు, టక్కున లేచి వాడి చేతిలో బాల్ మీదకి వంగిపోయా రెండు చేతులూ వేసి. ఆరేళ్ళ అలవాటండీ. విజిల్. పెనాల్టీ. ఐదు నిమిషాల తర్వాత మళ్ళీ అదే, మళ్ళీ విజిల్. మూడోసారి రిఫరీ కెప్టెన్‌ని పిలిచి, ఇతను ఇంకోసారి చేస్తే పది నిమిషాలు బయట కూర్చోబెడతా అన్నాడు. కెప్టెన్ నా దగ్గరికి వచ్చి "అన్నా, పడేసి ఊరుకో" అన్నట్టు అన్నాడు, ఇక్కడివాళ్ళు "మేట్" అంటారు లెండి, నాకు మాత్రం అన్నా అని వినిపించింది. ఆ మ్యాచ్ 30 పాయింట్లకి పైనే తేడాతో ఓడిపోయాం.

జూన్ 8న అందరం బస్సులో లండన్‌లో వెంబ్లీ స్టేడియంకి వెళ్ళాం. ఆ ఏడాది మా పక్కనున్న పెద్ద క్లబ్ వేక్‌ఫీల్డ్ ట్రినిటీ, లీగ్‌లో పై డివిజన్ అయిన సూపర్ లీగ్ నుంచి పడిపోయి కింద చాంపియన్‌షిప్‌లో ఆడుతోంది, కొత్త ఓనర్ మ్యాట్ ఎలిస్, కొత్త కోచ్ డారిల్ పావెల్, గెలవాల్సినవన్నీ గెలుస్తూ పోతున్నారు, ఆరోజు షెఫీల్డ్ ఈగిల్స్‌తో 1895 కప్ ఫైనల్. మా క్లబ్ సెక్రటరీ డెబ్బై దాటిన పెద్దావిడ, ఆవిడ భర్త గనిలో పనిచేసి ఇదే టీమ్‌కి హుకర్‌గా (స్క్రమ్ ముందువరస మధ్యలో ఉండేవాడు) ఆడారంట. ఈ 1895 ఏంటండీ అని అడిగా, అడగడమే పాపం, లండన్ వచ్చేదాకా చెప్పింది. గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్ళు శనివారం మ్యాచ్ ఆడాలంటే షిఫ్ట్ పోయేది, ఆ పోయిన కూలి ఆరు షిల్లింగులు ఇస్తామని ఉత్తరాది క్లబ్బులు అంటే, వీల్లేదు, డబ్బులు తీసుకుంటే పెద్దమనుషుల ఆట కాదు అన్నారంట దక్షిణాది పెద్దలు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లో జార్జ్ హోటల్లో కూర్చుని ఉత్తరాదివాళ్ళు విడిపోయారు, అదే లీగ్ పుట్టుక. అప్పట్నుంచి వంద సంవత్సరాలు, 1995లో యూనియన్ కూడా జీతాల ఆట అయ్యేదాకా, యూనియన్‌వాడు లీగ్‌కి వెళ్తే ఇంక వెనక్కి రానిచ్చేవాళ్ళు కాదు, కులం నుంచి వెలేసినట్టే. కార్డిఫ్ కుర్రాడు బిల్లీ బోస్టన్ 1953లో విగాన్ అనే లీగ్ క్లబ్‌కి వెళ్ళి ఆ ఒక్క క్లబ్‌కే 478 ట్రైలు కొట్టాడు, వేల్స్ కెప్టెన్‌గా చేసిన జోనాథన్ డేవీస్ 1989లో విడ్నెస్ లీగ్ క్లబ్‌కి వెళ్తే వేల్స్‌లో పెద్ద దుమారం. ఇవన్నీ ఆవిడ నిన్న జరిగినట్టు చెప్పింది. (బోస్టన్ గారికి పోయినేడు, 2025లో, సర్ బిరుదు ఇచ్చారు, లీగ్ ఆటగాళ్ళలో ఆయనకే మొదట. 90 ఏళ్ళకి ఇచ్చారు, ఏం చెప్తాం.) నేను వీసా వల్ల ఆ 20 పౌండ్ల కవర్ తీసుకోకూడదని చెప్తే పడీపడీ నవ్వింది, "మా ఊరికి ఇన్నేళ్ళకి ఒక అసలైన జెంటిల్మన్ దొరికాడు" అంది. ఆగస్టులో ఒకసారి నాకు నిజంగానే కవర్ వచ్చింది, క్లబ్ డబ్బాలోనే వేసేశా.

ఆవిడ అందర్నీ "లవ్" అనే పిలుస్తుంది, ఇక్కడి పెద్దవాళ్ళ అలవాటు. ఒకసారి అమ్మతో వీడియో కాల్‌లో ఉంటే వెనకనుంచి "టీ తాగుతావా లవ్" అంది. "ఎవర్రా ఆవిడ, లవ్వంటా!" అంది అమ్మ. నా కన్ను నల్లగా కమిలి వాచిపోయి ఉంది, దాని సంగతి తర్వాత అడిగింది.

అంతా బానే ఉందని కాదు. మేము వచ్చాక పదమూడు మంది నిండారు, నిజమే, కానీ రెండు మ్యాచ్‌లు మా క్లబ్ కుర్రాణ్ణే, పద్దెనిమిదేళ్ళవాణ్ణి, సబ్‌గా కూర్చోబెట్టి నన్ను ఆడించారు. వాడు ఏమీ అనలేదు, మూడో వారం నుంచి రావడం మానేశాడు. అది కోచ్ తప్పా నా తప్పా తెలీదు, నాకైతే ఇప్పటికీ మింగుడు పడదు. సెప్టెంబర్ రాగానే మా ఏడుగురిలో ఐదుగురు యూనియన్‌కి వెళ్ళిపోయారు, వాళ్ళ తప్పేం లేదు, ముందే చెప్పారు. అరువు మనుషులతో ఒక సీజన్ గడుస్తుంది గానీ క్లబ్ నిలబడదు. ట్రినిటీ లాంటివాళ్ళకి వెనక డబ్బున్న ఓనర్ ఉన్నాడు, 2025లో సూపర్ లీగ్‌కి తిరిగొచ్చి ఆరో స్థానంలో నిలిచారు. 2017లో పూర్తిగా మునిగిపోయిన బ్రాడ్‌ఫర్డ్ బుల్స్ కూడా ఈ 2026లో మళ్ళీ పైకి వచ్చారు, తొమ్మిదేళ్ళు పట్టింది. మాకు ఓనర్ లేడు, ఒక మటన్ షాపు స్పాన్సరూ, ఆ డబ్బా మాత్రం ఉన్నాయి.

మా వాళ్ళు చేసింది చిన్న పని. శుక్రవారం సాయంత్రాలు ట్యాకిల్ లేని టచ్ ఆట పెట్టారు, ఎవరైనా రావచ్చు, ఆడవాళ్ళు, పిల్లలు, బొజ్జలవాళ్ళు. నేనే ఆ వెళ్ళిపోయిన కుర్రాడి ఇంటికెళ్ళి తలుపు కొట్టా, వాళ్ళమ్మ తీసింది, వాడు పైనుంచి దిగలేదు. నాలుగు శుక్రవారాల తర్వాత వచ్చాడు, ఏం జరగనట్టే బూట్లు వేసుకున్నాడు. ఇప్పుడు సెకండ్ రోలో (స్క్రమ్‌లో రెండో వరస) నా స్థానం వాడిదే, నన్ను డమ్మీ హాఫ్‌కి నెట్టారు. దానికి నా సైజు సరిపోతుందని కోచ్ అంటాడు, పొగిడాడో తిట్టాడో.

ఇప్పుడు లీడ్స్‌లో ఉద్యోగం, వారానికి రెండుసార్లు రైలెక్కి వస్తా. జనవరి ట్రైనింగ్‌కి మంచులో పందొమ్మిది మంది వచ్చారు, అందులో యూనియన్ నుంచి కొత్తవాళ్ళు ముగ్గురే. ఈ శనివారం సీజన్‌లో మొదటి మ్యాచ్. నిన్న రాత్రికి గ్రూప్‌లో పన్నెండు మంది పక్కాగా ఉన్నారు, పదమూడోవాడు వేర్‌హౌస్‌లో షిఫ్ట్ మార్చమని సూపర్‌వైజర్‌ని అడిగాడంట, పొద్దున్నకి చెప్తానన్నాడు.