మా ఇద్దరికీ ఒకే కాల్షియం డబ్బా

పొద్దున డెక్సా స్కాన్ రిపోర్ట్ వచ్చింది, అంటే ఎముక ఎంత గట్టిగా ఉందో కొలిచే ఎక్స్‌రే లాంటిది. తుంటి దగ్గర టి-స్కోరు, అంటే ఆరోగ్యంగా ఉన్న పడుచువాళ్ళ ఎముకతో పోల్చి ఇచ్చే అంకె, మైనస్ 1.9. మైనస్ 1 దాకా నార్మల్, మైనస్ 2.5 కి దిగితే ఆస్టియోపోరోసిస్ అంటే ఎముకలు గుల్లబారడం, నాది మధ్యలో, దాన్ని ఆస్టియోపీనియా అంటారట. స్కాన్ చేయించుకోవడం పెద్ద కష్టమేం కాదు, బల్ల మీద పడుకుంటే పైన ఓ చెయ్యిలాంటిది మెల్లగా అటూ ఇటూ కదిలింది, సూది లేదు, ఎమ్మారై లాగా డబడబ చప్పుడూ లేదు, కునుకు పట్టేసేదే ఇంకాస్త ఆలస్యమైతే.

కాగితం మా ఆవిడకిస్తే కళ్ళజోడు పెట్టుకుని చదివి "అచ్చం నాదే కదండీ ఇది" అంది. నిజమే, పీరియడ్స్ ఆగిపోయాక తనకీ ఇలాంటిదే వచ్చింది. నాకెందుకంటే మూడు నెలలకోసారి వేసే లూప్రోలైడ్ ఇంజెక్షన్ వల్ల. ప్రోస్టేట్ క్యాన్సర్ పెరగడానికి టెస్టోస్టెరాన్ కావాలి కాబట్టి దాన్ని అడుగంటించేస్తారు, ఈ క్యాన్సర్ ఎలా ఉందో రక్తంలో చూసే పీఎస్ఏ బాగా దిగింది, అక్కడిదాకా హ్యాపీనే. కానీ మగాళ్ళ ఒంట్లో ఈస్ట్రోజెన్ తయారయ్యేది ఎక్కువగా ఆ టెస్టోస్టెరాన్ నుంచే, ఎముకల్ని కాచేదేమో ఆ ఈస్ట్రోజెన్, అంటే ఒకదాన్ని ఆపితే రెండోదీ పోయినట్టే. ఒళ్ళంతా ఆవిర్లొచ్చి అర్ధరాత్రి లేచి ఫ్యాన్ పెంచుతుంటే "ఇప్పుడు తెలిసిందా మా బాధ" అని నవ్వింది గానీ ఎముకల సంగతి తనకీ తట్టలేదు.

సాయంత్రం మావాడు ఫోన్ చేసి "క్యాన్సర్ ఎముకలకి పాకిందా నాన్నా" అని ఒకటే కంగారు. కాదురా, అది వేరు ఇది వేరు, దానికి చూసే బోన్ స్కాన్ వేరే ఉంటుంది, ఇది మందు వల్ల ఎముక పల్చబడటం అని రెండుసార్లు చెప్పాక గానీ నెమ్మదించలేదు. ఇందులో నాకు నచ్చనిది ఒకటే, పల్చబడుతుంటే నొప్పి గిప్పి ఏమీ ఉండదు, విరిగాకే తెలుస్తుంది, వెన్నుపూస నొక్కుకుపోయినా కొందరికి ఎత్తు తగ్గేదాకా తెలీదట. పైగా మొదటి ఏడాదిలోనే నష్టం బాగా ఎక్కువ. అందుకే ఇంజెక్షన్ మొదలెట్టేటప్పుడే ఈ స్కాన్ కూడా రాసెయ్యాలంటా నేను. మగాడికి ఎముకల జబ్బేంటి అనే ధోరణి ఇంకా పోలేదు జనాల్లో.

కాల్షియం తిండితో కలిపి రోజుకి 1000 నుంచి 1200 మిల్లీగ్రాములు, విటమిన్ డి 800 నుంచి 1000 యూనిట్లు చాలన్నారు డాక్టర్. ఎక్కువ మింగితే ఎక్కువ బలం అనేదేం లేదు, పాలూ పెరుగూ లెక్కేశాకే మిగతాది మాత్రతో. మాది కార్బొనేట్ రకం, తిన్న వెంటనే వేసుకోవాలి, అందుకే డబ్బా ఇప్పుడు డైనింగ్ టేబుల్ మీదకొచ్చింది, ఇద్దరికీ అదే. నడక మంచిదే గానీ అదొక్కటే సరిపోదు, కండకి బరువు పడాలంట. సో చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం. ఏదో పిల్లాట అనుకున్నా, కాసేపటికే తొడలు వణికాయి, ఆవిడ మాత్రం టకటకా చేసేసి టీవీ ముందుకెళ్ళిపోయింది. రాత్రిపూట నేను బాత్రూంకి లేవడం ఎక్కువ కదా, దారిలో మడతలు పడే మ్యాట్ తీసేసి చిన్న లైటు పెట్టాం, ఎముక ఎంత గట్టిదైనా అసలు పడకుండా ఉండటమే బెస్ట్.

ఎముకలకి మందు వాడాలా వద్దా అనేది ఇంకా తేలలేదు. స్కోరొక్కటే చూడరట, వయసు, ఎప్పుడో విరిగిన నా మణికట్టు, ఈ ఇంజెక్షన్లు ఇంకెన్నాళ్ళు అనేవన్నీ చూస్తారు. జోలెడ్రోనిక్ యాసిడ్ అయితే సెలైన్ లాగా ఎక్కిస్తారు, డెనోసుమాబ్ అయితే ఆర్నెల్లకోసారి చర్మం కింద 60 మిల్లీగ్రాములు, కాకపోతే దాన్ని మధ్యలో ఊరికే మానేస్తే వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది, ఆపాలంటే ఇంకో మందుకి మారాలి. ఏదైనా సరే ముందు పళ్ళు చూపించుకోవాలి, ఈ మందులు మొదలయ్యాక పన్ను పీకితే అరుదుగానైనా దవడ ఎముక మానకుండా చెడిపోవచ్చట. నా కింది దవడ పన్నొకటి చాన్నాళ్ళుగా కదులుతోంది. డెంటిస్టుకి మా ఆవిడే ఫోన్ చేసి టైం తీసేసుకుంది, నాకొదిలేస్తే వాయిదా వేస్తానని తనకి బాగా తెలుసు.