మనీమేకర్‌కి నిజంగా ఆట వచ్చా?

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు నలుగురు తెలుగువాళ్లు శనివారం రాత్రి పేక ముందేసుకుంటే, పదమూడు ముక్కల రమ్మీతో మొదలైనది ఈమధ్య పోకర్ దగ్గర తేలుతోంది. పోకర్ దాకా వచ్చాక ఒక వాదన తప్పదు. 2003లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్ గెలిచిన క్రిస్ మనీమేకర్ చేయి తిరిగిన ఆటగాడా, లేక గాలివాటంగా గెలిచాడా? టెనెసీకి చెందిన 27 ఏళ్ల అకౌంటెంట్. ఆన్‌లైన్‌లో 86 డాలర్ల అర్హత పోటీలో నెగ్గి, 10,000 డాలర్ల ఎంట్రీ ఉన్న టోర్నీలో సీటు సంపాదించి, 839 మందిలో మొదటివాడై 25 లక్షల డాలర్లు తీసుకెళ్లాడు.

ఆయనకి ఆట వచ్చు. కానీ ఆ టైటిల్ దానికి రుజువు కాదు. రుజువు వెతకాల్సింది ఆయన ఆడిన హ్యాండ్లలో, అంటే ఒక్కోసారి పంచిన ఆటల్లో.

ముందు ఒక చిక్కు విప్పాలి. మన దగ్గర ఈ మాట రాగానే కోర్టు తీర్పులు బయటికొస్తాయి. 1968లో సికింద్రాబాద్ క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అంది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవడం, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియడం అందులో ఉందని చెప్పింది. మూడు ముక్కలాటని మాత్రం పూర్తిగా అదృష్టం కింద తోసేసింది. అయితే ఒక ఆటలో నైపుణ్యానికి చోటు ఉందా అనేది వేరు, ఫలానా మనిషి ఫలానా గెలుపు నైపుణ్యంతోనే వచ్చిందా అనేది వేరు. రమ్మీలో కూడా పంచగానే సీక్వెన్సులు కుదిరిన ముక్కలు పడి, మూడో చేతికే షో కొట్టినవాడు ఉంటాడు కదా.

ఇప్పుడు లెక్క. 839 మందిలో సగటు ఆటగాడికి గెలిచే అవకాశం 839లో ఒకటి. అతనికంటే రెట్టింపు బలమున్నవాడికి సుమారు 420లో ఒకటి. ఈ రెట్టింపు మనిషి అంతే పెద్ద టోర్నీని ఏటా ఒకటి చొప్పున 40 ఏళ్లు ఆడినా, ఒక్కసారైనా గెలిచే అవకాశం 9 శాతమే. అలాంటి గట్టివాళ్లు ఆ 839 మందిలో 100 మంది ఉన్నారనుకుందాం. వాళ్లందరి వాటా కలిపినా 24 శాతం దాటదు. అంటే నాలుగింట మూడుసార్లు కప్పు మిగతా 739 మందిలో ఎవరికో ఒకరికి పోతుంది. 2024లో అదే టోర్నీలో 10,112 మంది ఆడారు, అక్కడ ఈ లెక్క ఇంకా ఘోరం. అందుకే "ఛాంపియన్ కాబట్టి గొప్పవాడు" అన్నా, "పేరులేనివాడు గెలిచాడు కాబట్టి ఈ ఆటంతా లాటరీ" అన్నా రెండూ నిలబడవు.

ఫలితాల్లో సాక్ష్యం అంటే ఎలా ఉండాలో చూడాలంటే 2003లో మూడో స్థానంలో నిలిచిన డాన్ హారింగ్టన్‌ని చూడండి. 1995 ఛాంపియన్. 2003లో 839 మందిలో ఫైనల్ టేబుల్ (చివరి తొమ్మిది మంది), మళ్లీ 2004లో 2,576 మందిలో ఫైనల్ టేబుల్, అక్కడ నాలుగో స్థానం. సగటు ఆటగాడు ఈ రెండు ఏళ్లూ చివరి తొమ్మిది మందిలో ఉండే అవకాశం సుమారు 26,700లో ఒకటి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: అంతమంది ఆడుతున్నప్పుడు ఎవరో ఒకరికి అలా కలిసొచ్చే అవకాశం ఎప్పుడూ కొంత ఉంటుంది. 839 మందీ తర్వాతి ఏడు మళ్లీ వచ్చారనుకున్నా అది 3 శాతం. పైగా ఆ "ఎవరో ఒకరు" అప్పటికే ఒకసారి గెలిచినవాడే అయ్యాడు. ఇది బలమైన సాక్ష్యం. మనీమేకర్ 2003 గెలుపుకి ఒంటరిగా ఈ బలం లేదు.

కాబట్టి హ్యాండ్లలోకి వెళ్దాం. రమ్మీ మాత్రమే తెలిసినవాళ్లకి ఒక్క ముక్కలో: ప్రతివాడి చేతిలో రెండు ముక్కలు, మధ్యలో అందరికీ కలిపి ఐదు. ముందు మూడు (ఫ్లాప్), తర్వాత ఒకటి (టర్న్), చివర ఒకటి (రివర్).

"అదృష్టం" పక్షం వాళ్లు ఎప్పుడూ చూపించేది పేరున్న ప్రొఫెషనల్ ఫిల్ ఐవీని పదో స్థానంలో ఇంటికి పంపిన హ్యాండ్. మనీమేకర్‌కి ఆసు-రాణి, ఐవీకి జత తొమ్మిదులు. ఫ్లాప్‌లో రెండు రాణులు, ఒక ఆరు. టర్న్‌లో తొమ్మిది పడి ఐవీకి ఫుల్ హౌస్ (ఒకే అంకెవి మూడు, ఇంకో అంకెవి రెండు) కుదిరింది. డబ్బంతా లోపలికి వెళ్లాక రివర్‌లో ఆసు పడి మనీమేకర్‌కి ఇంకా పెద్ద ఫుల్ హౌస్ అయింది. టర్న్ తర్వాత మనీమేకర్‌ని గెలిపించే ముక్కలు ఏడు: మిగిలిన ఒక రాణి, మూడు ఆసులు, మూడు ఆరులు. 44లో 7, అంటే 16 శాతం. అదృష్టమే, ఒప్పుకోవాలి. కానీ ఫ్లాప్ దగ్గర పరిస్థితి ఏమిటి? అక్కడ మూడు రాణులతో మనీమేకర్ చాలా ముందున్నాడు, ఐవీ టర్న్‌లో ముందుకి రావాలంటే 45లో రెండే తొమ్మిదులు. ఆ రెండిట్లో ఒకటి పడింది. అదృష్టం ఒకే హ్యాండ్‌లో రెండుసార్లు పక్క మారింది, జనం రెండోది మాత్రమే గుర్తుపెట్టుకున్నారు. రివర్ ఇంకోలా పడినా మనీమేకర్ టోర్నీ నుంచి పోయేవాడు కాదు, అతని చిప్స్ ఐవీ కంటే ఎక్కువ.

నైపుణ్యం కనిపించేది సామ్ ఫర్హాతో ఇద్దరే మిగిలాక వచ్చిన బ్లఫ్‌లో (చేతిలో లేనిది ఉన్నట్టు ఆడడం). మనీమేకర్‌కి ఇస్పేటు రాజు, ఆఠీను ఏడు. ఫర్హాకి ఇస్పేటు రాణి, ఆఠీను తొమ్మిది. ఫ్లాప్: ఇస్పేటు తొమ్మిది, డైమండు రెండు, ఇస్పేటు ఆరు. ఇద్దరూ చెక్ (ఏమీ వేయకుండా వదిలారు). టర్న్‌లో ఇస్పేటు ఎనిమిది. ఫర్హా 3 లక్షల చిప్స్ వేశాడు, మనీమేకర్ 8 లక్షలకి పెంచాడు, ఫర్హా కాల్ చేశాడు (అంతే వేసి ఆటలో ఉన్నాడు).

ఆ పెంచడాన్ని దగ్గరగా చూడాలి. అప్పటికి మనీమేకర్ చేతిలో కుదిరింది ఏమీ లేదు. కానీ మిగిలిన 8 ఇస్పేట్లలో ఏది పడినా రాజుతో ఫ్లష్ (ఒకే గుర్తువి ఐదు). ఇస్పేట్లు కాని ఐదులు, పదులు ఆరు, ఏది పడినా స్ట్రెయిట్ (వరసగా ఐదు). ఇంకో మూడు రాజుల్లో ఏది పడినా తొమ్మిదుల జతని దాటే జత. మొత్తం 17 ముక్కలు, 44లో 17, దాదాపు 39 శాతం. అంటే ఫర్హా పారేస్తే (చేయి వదిలేసుకుంటే) అక్కడే గెలుపు, పారేయకపోయినా పదిలో నాలుగుసార్లు గెలుపు. ఖాళీ చేత్తో వేసిన బ్లఫ్‌కీ దీనికీ ఉన్న తేడా అదే.

రివర్‌లో ఆఠీను మూడు, ఎవరికీ పనికిరాని ముక్క. ఫర్హా చెక్. పాట్‌లో (మధ్యలో పోగైన పందెంలో) సుమారు 18 లక్షలు. మనీమేకర్ ఊరికే చెక్ చేస్తే రాజు ఒక్కటే మిగులుతుంది, ఏ జత ఉన్నా ఓడిపోతాడు. ఆల్-ఇన్ అన్నాడు, ఉన్న చిప్స్ అన్నీ తోశాడు. పాట్ అంత బెట్ వేస్తే ఎదుటివాడు సగం సార్లు పారేస్తే చాలు, నష్టం లేదు. ఒకటిన్నర రెట్లు వేస్తే 60 శాతం సార్లు పారేయాలి. ఆ మాత్రం పారేయిస్తుందా ఈ బెట్? కథ కుదిరింది కాబట్టి పారేయిస్తుంది: ఫ్లాప్‌లో చెక్ చేసి, మూడో ఇస్పేటు పడిన క్షణంలో పెంచి, చివరికి అంతా తోసినవాడి చేతిలో ఫ్లష్ ఉందనే అనిపిస్తుంది. దానికి తోడు ఇస్పేటు రాజు తన దగ్గరే ఉంది. ఎదుటివాడి చేతిలో రెండు ఇస్పేట్లు ఉండే కూర్పులు 45 నుంచి 36కి పడిపోతాయి. ఫర్హా దగ్గర నిజంగా ఫ్లష్ ఉండే భయం అంతమేరకు తగ్గింది.

ఇదే లెక్క ఫర్హా వైపు నుంచి కూడా పనిచేస్తుంది, ఇస్పేటు రాణి ఆయన దగ్గరుంది. నీకు ఫ్లష్ తప్పిపోయినట్టుంది అని నోటితో అన్నాడు కూడా. సరిగ్గా పట్టుకుని కూడా పారేశాడు. ఆ ఒత్తిడిలో అలా పారేయించేలా ఆడడమే ఆట.

ఆ తర్వాత? 2011లో ఎన్‌బీసీ హెడ్స్-అప్ (ఒకరితో ఒకరు ఆడే) పోటీలో ఎరిక్ సీడెల్ చేతిలో ఓడి రెండో స్థానం. 2019లో పోకర్ హాల్ ఆఫ్ ఫేమ్, అది ఎక్కువగా ఆయన గెలుపు చూసి లక్షలమంది ఆటలోకి రావడం వల్ల దక్కిన గౌరవం అని నా అభిప్రాయం. గట్టి ఆటగాడు, హారింగ్టన్ వరసలో మాత్రం పెట్టను.

వీడియోలు చూసి ఆటగాణ్ణి అంచనా వేసేవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఎడిటింగ్ దగ్గర. టీవీలో వచ్చేవి ఆల్-ఇన్‌లు. రోజంతా పారేసిన హ్యాండ్లు రావు, నైపుణ్యంలో పెద్ద భాగం వాటిలోనే ఉంటుంది. కాబట్టి వీడియో రివర్‌కి ముందు ఆపండి. పాట్ ఎంత, బెట్ ఎంత, ఎన్ని శాతం గెలవాలి అని కాగితం మీద రాసి, నిర్ణయానికి మార్కు వేసి, ఆ తర్వాతే ముందుకి నడపండి. ఫలితం చూశాక వేసిన మార్కు పనికిరాదు.

మన గుంపులో ఎవరికి ఎంత ఆట వచ్చో తేల్చాలంటే ముక్కల అదృష్టాన్ని కొట్టేసే పద్ధతి ఒకటుంది, బ్రిడ్జ్ ఆడేవాళ్లకి తెలిసిందే. ఇద్దరిద్దరు చొప్పున రెండు జట్లు, రెండు గదులు, రెండు పేకలు. పంచే మనిషి ఒకరు ముందుగా పేక కలిపి, ఇద్దరి ముక్కలు నాలుగు, మధ్య ముక్కలు ఐదు, మొత్తం తొమ్మిది కాగితం మీద రాసుకోవాలి. ప్రతి హ్యాండ్‌కీ మొత్తం 52 ముక్కల్నీ మళ్లీ కలపాలి. ఒకే పేకని ఐదు హ్యాండ్లకి ముందే ఐదు కవర్లలో సర్దిపెడితే, వచ్చిన ముక్క మళ్లీ రాదని నాలుగో కవర్‌కే అందరికీ తెలిసిపోతుంది. ఒక గదిలో మొదటి జట్టు మనిషికి వచ్చిన ముక్కలే రెండో గదిలో రెండో జట్టు మనిషికి, అదే సీట్లో. బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే వేసే పందెం) 1, 2. ప్రతి హ్యాండ్‌కీ చిప్స్ మళ్లీ 200కి సరిచేయాలి, లేకపోతే మొదట్లో గెలిచినవాడి బలం మిగతా హ్యాండ్లలోకి పాకుతుంది. రెండు గదుల చిప్స్ తేడా రాసి కలపండి. ఒక సాయంత్రంతో తేలదు, షీట్ దాచి పై వారం అక్కణ్ణుంచే కొనసాగించండి. డబ్బు మాత్రం పెట్టకండి. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టే ఆటల్ని నైపుణ్యమా అదృష్టమా అని చూడకుండా 2025 ఆగస్టులో కేంద్ర చట్టం నిషేధించింది. ఇంట్లో ఈ లెక్కకి ప్లాస్టిక్ చిప్స్ సరిపోతాయి.